శ్రీల ప్రభుపాదుల సముద్రయానము

శ్రీల భక్తివేదాంతస్వామి ప్రభుపాదులవారు 1896లో కలకత్తాలో జన్మించిరి. చైతన్య మహాప్రభువుల మార్గమును ఆంగ్లభాషలో ప్రచారము చేయవలెనని 1922లో శ్రీ భక్తిసిద్ధాంత సరస్వతీస్వామివారు వారిని ఆదేశించిరి. ఆ ఆజ్ఞను శిరసావహించి సముద్రము దాటుటకు 43 ఏండ్లు పట్టెను.

ఔషధ వ్యాపారము నిలువలేదు. 1959లో మథురలో సన్న్యాసము స్వీకరించి, బృందావనమున రాధాదామోదరాలయమందలి చిన్నగదిలో వసించుచు శ్రీమద్భాగవత ప్రథమస్కంధమునకు ఆంగ్లవ్యాఖ్య రచించిరి. కాగితమునకును అచ్చునకును ధనము యాచించి తెచ్చి, మూడు సంపుటములుగా ముద్రింపించిరి. చేజిక్కిన రూకలన్నియు అచ్చుకూటమునకే పోయెను. విదేశయాత్రకు వారు కూడబెట్టుకొన్న మూలధనమంతయు ఆ గ్రంథములే!

అమెరికాలో పూచీ వహించు గృహస్థుడు లభించెను. ఇక ఓడ కేవు మాట. సింధియా నౌకాసంస్థ అధినేత్రి శ్రీమతి సుమతీ మొరార్జీ, స్వామివారి వయస్సును తలచి తొలుత వలదనిరి. ఆమె శంక సహజమే. తుదకు వారి పట్టుదలను కాదనలేక సరకుల ఓడలో ఉచితముగ చోటిచ్చిరి.

1965 ఆగస్టు 13న, 69వ ఏట, స్వామివారు కలకత్తాలో ‘జలదూత’ నెక్కిరి. వెంట నున్నవి ఒక గొడుగు, కొంత పొడి ఆహారము, పెట్టెలనిండ భాగవత సంపుటములు, 40 రూపాయలు. నడిసముద్రమున రెండుమార్లు గుండెపోటు వచ్చెను. సెప్టెంబరు 17న ఓడ బోస్టన్ చేరెను. ఆ రూపాయలు అచ్చట చెల్లవు. ఓడ కప్తాను మూడు సంపుటములు కొని యిచ్చిన 20 డాలర్లే అమెరికాలో వారి చేతనున్న పైకము.