కలంయోధుడు షోయబుల్లాఖాన్

కొత్తవాడ వాసులమైన మేము మరువరాని ఓరుగల్లు బిడ్డ షోయబుల్లాఖాన్. 1920లో నాటి వరంగల్ జిల్లా మానుకోట ప్రాంతంలో జన్మించిన ఆయన, 1947 నవంబరులో హైదరాబాదున ఇమ్రోజ్ ఉర్దూ దినపత్రికను స్థాపించారు. స్వయంగా ముస్లిమై యుండి, మతం పేరిట రజాకార్లు సాగించిన హింసను ఖండించారు. సంస్థానం భారతదేశంలో విలీనం కావలెనని వ్రాశారు. బెదిరింపులకు వెరవలేదు. 1948 ఆగస్టు 21 అర్ధరాత్రి కార్యాలయం నుండి ఇంటికి మరలుతుండగా దుండగులు ఆయనను కాల్చి, చేయి నరికివేశారు. అప్పటికి ఆయన వయస్సు 27 ఏండ్లు.

నెల తిరగకముందే, సెప్టెంబరు 17న, నిజాం లొంగిపోయారు. పిదప ప్రతీకారం పేరిట ఎందరో నిరపరాధులైన ముస్లిములు బలియయ్యారు. ఉభయ సందర్భాలలోను మతం సాకు మాత్రమే. తనవారి తప్పును తానే ఖండించగల ధైర్యమే నిజమైన ధర్మనిష్ఠ అని ఆయన జీవితం నుండి మేము గ్రహించాము.