శామ్యూల్ క్రాంప్టన్

ఉదయమున పాఠశాలకు వచ్చునపుడు మనము తొడిగికొను చొక్కా అంచునుండి యొక నూలుపోగును లాగి వెలుతురున పట్టి చూచితిమేని, అది మొదటినుండి తుదివరకు నొకే సన్నముగ నుండుట కానవచ్చును. ఇట్టి సన్ననూలును యంత్రముతో వడుకు విధమును లోకమునకు చూపినవాడు శామ్యూల్ క్రాంప్టన్. ఆ మహనీయుని చరిత్రను మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును సంగ్రహముగ తెలుపదలచితిమి.

క్రాంప్టన్ 1753వ సంవత్సరము డిసెంబరు 3వ తేదీని ఇంగ్లండు దేశమున లాంకషైరు మండలములోని బోల్టను పట్టణమునకు సమీపమున జన్మించెను. బాల్యముననే తండ్రి గతించెను. తల్లి మిక్కిలి కష్టజీవి. ఆమె కుమారుని వెంటబెట్టుకొని హాల్ ఇన్ ది వుడ్ అను పాత భవనములో కొన్ని గదులయందు కాపురముండి, నూలు వడికియు, బట్ట నేసియు కాలము గడుపుచుండెను. బాలుడు ప్రతిదినమును ఇంత నూలు వడికితీరవలయునని ఆమె నియమము.

ఆ కాలమున ఇంగ్లండులో రెండు వడుకుమరలు వాడుకలోనికి వచ్చియుండెను. హార్‌గ్రీవ్స్ కల్పించిన జెన్నీ నూలు మెత్తనిదై పేకకు మాత్రమే పనికివచ్చుచుండెను. ఆర్క్‌రైటు 1769లో హక్కు పొందిన నీటిమర నూలు గట్టిదే కాని ముతకది. పడుగునకు తగిన బిగువును, మస్లినునకు తగిన సన్నదనమును గల నూలు ఈ రెంటివలనను రాలేదు. సన్నని మస్లిను వలసినవారు మన హిందూదేశమునుండియే తెప్పించుకొనుచుండిరి. క్రాంప్టను వడుకు జెన్నీపై నూలు మాటిమాటికి తెగిపోవుచుండెను. తెగిన పోగులను అతుకుటలోనే ప్రొద్దు గడచుచుండుట చూచి విసిగి, ఆ యువకుడు తానే వేరొక మరను చేయ నిశ్చయించుకొనెను.

అతనికి ధనములేదు, సహాయులు లేరు, పనిముట్లును కొలదియే. ఫిడేలు వాయించుట నేర్చియుండుటచే బోల్టను నాటకశాలలో రాత్రులయందు వాయించి, ఆ కూలితో కావలసిన సామగ్రిని కొనుచుండెను. ఇట్లు సుమారు ఐదేండ్లు రహస్యముగ శ్రమించి, 1779లో యంత్రమును ముగించెను. ఆ యేడే మరలవలన తమ కూడు పోవునని భయపడిన జనులు గుంపులుగ వచ్చి ఆ ప్రాంతమున యంత్రములను పగులగొట్టుచుండిరి. క్రాంప్టను తన మరను విడదీసి అటుకపై దాచెనని చెప్పుదురు.

ఆ యంత్రమున మొదట రోలరులు దూదిపోగును సాగదీయును. కదుళ్లను మోయు బండి చక్రములపై వెనుకకు పోవుచు, పోగును మఱింత సాగదీసి పురిపెట్టును. బండి తిరిగి ముందునకు వచ్చునపుడు నూలు కదుళ్లకు చుట్టుకొనును. పోగును ఒక్కమారుగ గుంజక మెల్లమెల్లగ సాగదీయుటయే ఇందలి మర్మము. రోలరులు నీటిమర పోలిక, కదులు బండి జెన్నీ పోలిక. రెండుజాతుల కలయికవలన పుట్టినదగుటచే దానికి మ్యూలు, అనగా కంచరగాడిద, యను పేరు కలిగెను. దానిపై క్రాంప్టను 80 నంబరు నూలును వడికెను. అనగా ఒక పౌను దూదినుండి 840 గజముల చిలపలు ఎనుబది. ఆ నూలును చాచిన 38 మైళ్లు సాగును!

ఇంతటి నూలెట్లు వచ్చుచున్నదో తెలిసికొనగోరి జనులు నిచ్చెనలు వేసికొని కిటికీలనుండి తొంగిచూడసాగిరి. హక్కు పొందుటకు తగిన ద్రవ్యము అతనికి లేదు. మరను దాచుకొనుటయో, ధ్వంసము చేయుటయో, పదిమందికి ఇచ్చుటయో తప్ప గత్యంతరము లేకపోయెను. మరను బహిరంగముగ చూపినచో చందాలిత్తుమని వర్తకులు కాగితముపై వ్రాసియిచ్చిరి. క్రాంప్టను వారి మాట నమ్మి చూపెను. చూచినపిమ్మట పెక్కుమంది మాట తప్పిరి. చేతికందినది సుమారు 60 పౌనులు మాత్రమే.

1811లో క్రాంప్టను ఊరూర తిరిగి తన మరలు ఎన్ని యున్నవో లెక్క చూడగా, నలుబదిలక్షలకు మించిన కదుళ్లు తిరుగుచున్నట్లు తేలెను. అంతట పార్లమెంటునకు అర్జీ పెట్టుకొనెను. 1812 మే 11వ తేదీని, ఆ విషయమున సాయపడనున్న ప్రధానమంత్రి పెర్సెవలు పార్లమెంటు భవనముననే తుపాకిదెబ్బకు కూలెను. తుదకు సభ 5000 పౌనులు మంజూరు చేసెను. ఆ సొమ్ము వ్యాపారములలో నష్టమైపోయెను. ముదిమియందు స్నేహితులు చందాలు వేసి, ఏటికి 63 పౌనుల భృతి ఏర్పరచిరి. దైవభక్తి గల ఆ వృద్ధుడు దేవాలయమున కీర్తనలకు రాగములు కూర్చుచు శేషజీవితమును గడిపి, 1827 జూన్ 26వ తేదీని మరణించెను. 1862లో బోల్టను పట్టణమువారు ఆయన విగ్రహమును నిలిపిరి. బ్రదికియుండగా ఇయ్యని బాకీని విగ్రహము తీర్చునా యని మాకు తోచును.

ఈ చరిత్రకు మఱియొక ముఖమును కలదు. దానిని దాచుట న్యాయము కాదు. మ్యూలుపై పుట్టిన నూలు పందొమ్మిదవ శతాబ్దమున ఓడలకెక్కి మన రేవులకు చేరెను. చౌకయగు ఆ నూలు మన సాలెవారి మగ్గములకు రాగా, ఇంటింట రాట్నము త్రిప్పి పొట్టపోసికొను స్త్రీలకు పని పోయెను. శ్రీకాకుళము జిల్లా పొందూరునందు మాత్రము స్త్రీలు వాలుగచేప దవడయెముకతో దూదిని దువ్వి, అతిసన్నని నూలును చేతితో వడుకుట నేటికిని నిలిచియున్నది. కాలక్రమమున మ్యూలును కూడ రింగుమరలు వెనుకకు నెట్టినవి. ఒకని మేలు వేరొకని కీడు కాకుండ చూచు బాధ్యత, మరను కనిపెట్టినవానికంటె దానిని వాడుకొనువారిపై నెక్కువగ నుండును.

విద్యార్థులారా, క్రాంప్టను ఓర్పును మీరు నేర్చుకొనుడు. తెగిన పోగును చూచి విసుగుకొనువారు పెక్కుమంది కలరు. ఎందుకు తెగెనని ఐదేండ్లు ఆలోచించువాడు అరుదు. అంతకంటె ముఖ్యముగ, ఇతరుల శ్రమఫలమును అనుభవించునపుడు ఆ కాగితముపై వ్రాలు చేసిన వర్తకులను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఇచ్చిన మాటను నిలుపుకొనుడు.