కన్నీటి బాటసారి

దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు 1897లో పిఠాపురమునకు చేరువనున్న రావువారి చంద్రంపాలెమున జన్మించిరి. 1920లో చికిత్సకై రైలులో బళ్ళారికి పోవుచుండగా, వైద్యునికంటె ముందు ప్రకృతియే ఆ రోగిని పలుకరించెను. ‘కృష్ణపక్షము’ ఆ ప్రయాణమునందే మొలకెత్తెను.

1922లో భార్య గతించెను. ఆ పిమ్మట ఆయన కవిత్వమున విషాదము వెల్లువయ్యెను. తరువాత ఉపాధ్యాయ పదవిని విడిచి, బ్రహ్మసమాజ ప్రచారమునకును, నవ్యకవిత్వమునకును ఆంధ్రదేశమెల్ల తిరిగిరి. ఊరూర సభలు, క్రొత్త ముఖములు, పద్యము విని తలలూపు విద్యార్థులు! తనవే కాక తోడి భావకవుల గీతములను గూడ ఎంతో మక్కువతో వినిపించెడివారు. దుఃఖితునకు పరుల పాట పాడుటలో ఎంతటి ఊరట! ఆయన కన్నీటిని ఎగతాళి చేసినవారు ఈ సంబరమును గమనింపలేదు.

1960 దశకమున కంఠవ్యాధి ఆ గొంతును హరించెను. అటుపై 1980లో కన్నుమూయువరకు కాగితముపై వ్రాసి చూపుచునే మిత్రులతో ముచ్చటించిరి.