ఈకపేల పండితుడు నిట్‌ష్

మహనీయుల చరిత్రము లనగానే రాజ్యములు గెలిచినవారును, సముద్రములు దాటినవారును మన తలంపునకు వత్తురు. జనులు గోట నొక్కి పారవైచెడి పేనును ఏండ్ల తరబడి పరిశీలించి, ఆ జాతి కొక క్రమము నేర్పఱచిన పండితుని చరిత్ర మంతకంటె తక్కువ గాదని మాకు దోచినందున, దానిని సంగ్రహముగా పాఠకుల కెఱిగింప దలచితిమి.

క్రిస్టియన్ లుడ్విగ్ నిట్‌ష్ 1782వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీని జర్మనీ దేశమున, సాక్సనీ ప్రాంతమందలి బొయ్‌ఖా గ్రామమున, క్రైస్తవ బోధకుని గృహమున జన్మించెను. విట్టెన్‌బర్గు విశ్వవిద్యాలయమున జదివి, అచ్చటనే యాచార్యుడై, 1815లో హాలె నగరమునకు జంతుశాస్త్రాచార్యుడుగా వచ్చెను. హాలె తెలుగువారికి పరాయి యూరు గాదు. బెంజమిన్ షుల్జ్ అను మిషనరీ 1746లో తెలుగు లిపిలో క్రైస్తవ గ్రంథములను ముద్రింపించినది యిచ్చటనే.

ఓరుగల్లు వేపచెట్లపై గూయు గోరువంకనైనను, పిగిలిపిట్టనైనను, మన యింటి పిచ్చుకనైనను చేత బట్టి యీకలను విప్పి చూచినచో, తఱచుగా చిన్న చదునైన పేలు కనబడును. మన తలపేనునకు నెత్తురు పీల్చు ముట్టె గలదు. వీనికి నమలు దవడలు గలవు. ఇవి యీకల నూగును, చర్మపు పొట్టును గొఱికి తినును. గ్రుడ్లను ఈకలకే యంటించును. వీని పుట్టుకయు, పెరుగుటయు, మరణమును పక్షి మేనిమీదనే జరుగును. పక్షి చచ్చినచో నివియు నెక్కువకాలము బ్రదుకవు.

లిన్నేయసు పండితుడు 1758లో పేల నన్నిటిని ఒకే ప్రజాతియందు జేర్చి, పెక్కింటికి కాకిపేను, నెమలిపేను, కోడిపేను అని యాశ్రయమునుబట్టి పేరు లిడెను. 1778లో డి గీర్ అను పండితుడు నమలు పేలను పీల్చుపేలనుండి వేఱుచేసెను. అయినను చిక్కు తీరలేదు. ఒక్క కాకిమీదనే రెండుమూడు తెఱగుల పేలు వసించును. వేర్వేఱు పక్షులపై నొకే తెఱగువి కానవచ్చును. ఇంటిని జూచి కాపురమున్నవాని వంశమును నిర్ణయించుట యెట్లు?

నిట్‌ష్ పేనునే చూచెను. 1818లో ప్రకటించిన వ్యాసమున నమలుపేలకు, ఉన్ని తినునవి యను నర్థమున, మాలోఫాగా యని పేరిడి, మీసములను బట్టి వానిని రెండు తెగలు చేసెను. ఒక తెగకు దారమువంటి మీసములు బయటికి కానవచ్చును. రెండవ దానికి గదవంటి మీసములు తలక్రింద నొదిగి యుండును. మఱియు పక్షులపై నుండువాని పాదమునకు రెండేసి గోళ్లుండుటను గమనించి, జంతువులపై నుండువానినుండి వేఱుపఱచెను. దారపు మీసములు గల పక్షిపేలకు, ఈకలను ప్రేమించునవి యను నర్థమున, ఫిలోప్టెరస్ అని పేరిడెను. పాడుపక్షుల తలపై, ముక్కున కందని చోట, పెద్దతల గలిగి మెల్లగా గదలుచుండు పేలకు నేటికిని ఆ పేరే చెల్లుచున్నది.

పక్షులయం దీతని పరిశ్రమ పేలతో నాగలేదు. ఈకలు మేనెల్ల సమముగా మొలవక, కొన్ని వరుసలయందే మొలచుననియు, ఆ వరుసలు పక్షివంశములను దెలుపుననియు నితడు నిరూపించెను. కాని తన పరిశోధనలో నధికభాగము వ్రాతప్రతులుగానే యుండగా, 1837 ఆగస్టు 16వ తేదీని హాలెలో దివంగతుడయ్యెను. ఆ యాసన మలంకరించిన బుర్మైస్టరు 1840లో ఈకల గ్రంథమును వెలువరించెను. పేలను గూర్చిన వ్రాతలను ఆధారముగా జేసికొని గీబెల్ 1874లో, అనగా నిట్‌ష్ గతించిన 37 ఏండ్లకు, బృహద్గ్రంథమును ప్రకటించెను.

పీల్చుపేలు నమలుపేల వంశమునుండియే చీలినవని తరువాతి పరిశోధనలు చూపినందున, మాలోఫాగా యను పేరు నేడు శాస్త్రవిభాగముగా నిలువలేదు. మీసములను బట్టి చేసిన విభజన మాత్రము చాలవఱకు నిలిచినది. పేరు పోయినను పని నిలుచుట విద్వాంసునకు జాలిన గౌరవము. అల్పమని యెల్లరును రోసిన దానిని నిదానించి చూచి, చూచినదానిని నమ్మకముగా వ్రాసి యుంచుట విద్యార్థులమైన మనకును సాధ్యమే. దానిని పూర్తిచేయువారు మన వెనుక వత్తురు.