ఫైర్ ఆఫీసర్ నుంచి ఘటోత్కచుడి దాకా

చదివిన చదువు ఒకటి, దొరుకుతున్న ఉద్యోగం ఇంకొకటి, మనసు లాగేది మూడోది. మీ పరిస్థితీ ఇదేనా? అయితే ఒక పాత రెజ్యూమె చూద్దాం రండి.

పేరు సామర్ల వెంకట రంగారావు. 1918లో నూజివీడులో పుట్టారు. స్కూలు మద్రాసులో, ఇంటర్మీడియట్ విశాఖ ఏవీఎన్ కాలేజీలో, బీఎస్సీ కాకినాడ పీఆర్ కాలేజీలో. మొదటి ఉద్యోగం ఫైర్ ఆఫీసర్‌గా! అవునండీ, 'మాయాబజార్' ఘటోత్కచుడు ఎస్వీఆరే ఈయన.

కాకినాడలో ఉన్నప్పుడే యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ తరఫున నాటకాలు వేసేవారు. అంజలీదేవి, ఆదినారాయణరావు లాంటి వాళ్లూ ఆ క్లబ్ నుంచే వచ్చారు. డిగ్రీ తర్వాత ఫైర్ సర్వీసులో చేరి బందరు, విజయనగరంలో పనిచేశారు. కానీ ఆ డ్యూటీతో నాటకాలు కుదరవని అర్థమై రాజీనామా చేశారు. ఇంతలో బి.వి. రామానందం తీసిన 'వరూధిని'లో ఏకంగా హీరో వేషం దొరికింది. ప్రవరాఖ్యుడు!

ఇక దశ తిరిగిందనుకుంటాం కదా? సినిమా ఆడలేదు. తర్వాత అవకాశాలూ రాలేదు. చేతిలో ఉద్యోగం కూడా లేదు. అప్పుడాయన మళ్లీ ఉద్యోగం వెతుక్కున్నారు. జంషెడ్‌పూర్ టాటా కంపెనీలో బడ్జెట్ అసిస్టెంట్‌గా చేరారు. హీరోగా తెర మీద కనిపించిన మనిషి, ఆఫీసులో లెక్కల పుస్తకం ముందు కూర్చున్నారు. 1947లో పెళ్లి కూడా అయింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. జంషెడ్‌పూర్ వెళ్లినా ఆయన వేషాలు మానలేదు. అక్కడి తెలుగువాళ్ల నాటకాల్లో నటిస్తూనే ఉన్నారు. జీతం ఒకవైపు, సాధన మరోవైపు.

కొన్నాళ్లకు దర్శకుడు బి.ఎ. సుబ్బారావు నుంచి పిలుపు వచ్చింది. 'పల్లెటూరి పిల్ల'లో విలన్ వేషం. సరిగ్గా అప్పుడే తండ్రి చనిపోయారు. ఆ కార్యక్రమాలన్నీ ముగించుకుని మద్రాసు చేరేసరికి వేషం వేరే వాళ్లకు వెళ్లిపోయింది. మనమైతే ఏం చేసేవాళ్లం? బహుశా అలిగి రైలెక్కేసేవాళ్లం. ఆయన మాత్రం అదే సినిమాలో దొరికిన చిన్న వేషం వేసి అక్కడే నిలబడ్డారు.

1950లో వచ్చిన 'షావుకారు'లో సున్నం రంగడనే రౌడీ పాత్ర ఆయన్ని నిలబెట్టింది. మరుసటి ఏడాది 'పాతాళ భైరవి'లో నేపాళ మాంత్రికుడు. అప్పటికి వయసు ముప్పై రెండు. ఆ తర్వాత ఘటోత్కచుడు, కీచకుడు, హిరణ్యకశిపుడు, ఇంటి పెద్ద, తాతయ్య... తెలుగు, తమిళ భాషల్లో వందల పాత్రలు. 'నర్తనశాల' కీచకుడి పాత్రకు జకార్తా ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి అవార్డు. 'చదరంగం', 'బాంధవ్యాలు' సినిమాలకు దర్శకత్వం. 1974లో కన్నుమూసేటప్పటికి ఆయనకు 56 ఏళ్లే.

ఈ కథ చదివి రేపే రిజైన్ చేసేయకండి. ఆయనా ఒకసారి ఉద్యోగం వదిలేసి దెబ్బతిన్నారు, మళ్లీ ఉద్యోగంలో చేరి నిలదొక్కుకున్నారు. వెనక్కి వెళ్లి జీతానికి పనిచేయడం ఓటమి కాదని ఆయన జంషెడ్‌పూర్ రోజులే చెబుతాయి. మీకొచ్చిన ఆఫర్ మీ కలకు సంబంధం లేనిదైనా పర్లేదు, ఇంట్లో అవసరం ఉంటే చేరండి. కానీ ఆఫీసు అయ్యాక మిగిలే గంటలో మీ జంషెడ్‌పూర్ నాటకం ఏంటో ఇప్పుడే తేల్చుకోండి. కోడింగా, బొమ్మలా, గ్రూప్స్ ప్రిపరేషనా, ఏదైనా సరే. రేపు పిలుపొచ్చేసరికి చేయి తిరిగి ఉండాలి కదా!