చూపులేని వీధి బోధకుడు గ్యారీ డేవిస్

గ్యారీ డేవిస్ 1896లో అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రమున, లారెన్స్ ప్రాంతమందు బీద నల్లజాతి కుటుంబములో జన్మించెను. శైశవమందే చూపు పోయెను. తల్లి కనిన ఎనమండుగురిలో బ్రదికి పెద్దవారైనది ఇద్దరే. అవ్వ పెంపకములో ఆయన గిటారు తనంతట తానే నేర్చుకొనెను.

యౌవనమున డర్‌హామ్ నగర వీధులలో బ్లూస్ పాటలు పాడి పొట్ట పోసికొనెను. బ్లూస్ ఆ జనుల దుఃఖగీతములే గాని, వానిలో లౌకిక వాంఛల పాలు తక్కువ కాదు. 1930వ దశకమున ప్రభువు వైపు తిరిగి, బాప్టిస్టు బోధకుడుగా అభిషేకము పొందెను. 1935లో న్యూయార్కున రికార్డులకు పాడునప్పుడు, బ్లూస్ రెండే పాడి మిగిలినవన్నియు భక్తిగీతములే పాడెను. అమ్ముడుపోవు పాటలేవో ఎరిగియు అట్లు చేసెను! పిమ్మట దాదాపు పదియేండ్లు రికార్డు మాటే లేదు.

1940వ దశకము మొదలు హార్లెమ్ వీధులే ఆయన ప్రసంగవేదిక. పాదచారులు వేయు నాణెములే ఆదాయము. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, ఈ రెంటితోనే ఆయన పలికించిన స్వరములను నేర్చుకొన యువకులు ఇంటికి రాసాగిరి. స్వల్ప రుసుము పుచ్చుకొని గంటల తరబడి నేర్పెడివాడు.

1962లో ఒక ప్రఖ్యాత గాయకత్రయము ఆయన పాడుచుండిన సమ్సోను గీతమును రికార్డు చేసెను. కన్నులు పోగొట్టుకొనిన ఆ న్యాయాధిపతి పాట వలన వచ్చిన సొమ్ముతోనే ఈ అంధుడు క్వీన్స్‌లో స్వంత ఇల్లు కొనెను. 1965లో న్యూపోర్టు జానపదోత్సవమున వేలాదిమంది ఆయన పాట వినిరి. వార్ధక్యమున, శిష్యులు బ్రతిమాలగా, విడిచిన బ్లూసును అప్పుడప్పుడు వాయించెను. 1972 మే 5న న్యూజెర్సీలో పాడుటకు ప్రయాణమై పోవుచు, గుండెపోటుతో మరణించెను.