కార్లో గుజ్జీ

ఇటలీ దేశపు టుత్తర భాగమున, ఆల్ప్సు పర్వతముల చెంత, కోమో యను సుందరమైన సరస్సు కలదు. దాని తీరమున మాండెల్లో యను చిన్న పట్టణమున్నది. 1921వ సంవత్సరము మొదలు నేటివరకును అచ్చట మోటారు సైకిళ్లు తయారగుచున్నవి. వాని పెట్రోలు టాంకుపై రెక్కలు చాచిన గ్రద్ద గురుతు కనబడును. ఆ గురుతు ఎందులకు వచ్చెనో, ఆ యంత్రమును కల్పించిన కార్లో గుజ్జీ ఎట్టివాడో మన విద్యార్థులు తెలిసికొనదగియున్నది.

గుజ్జీ 1889వ సంవత్సరమున మిలాను నగరమున జన్మించెను. తండ్రి గతించిన పిదప కుటుంబము మాండెల్లో చేరెను. బాల్యమునుండియు అతనికి యంత్రములయందే మక్కువ. మొదటి ప్రపంచ యుద్ధకాలమున అతడు విమానదళమున చేరి, యింజనులను బాగుచేయు పని చేసెను. అచ్చట ఇద్దరు విమాన చోదకులు అతనికి ప్రాణస్నేహితులైరి. ఒకడు జెనోవా పట్టణపు ఓడల యజమాని కుమారుడైన జోర్జో పరోడీ. రెండవవాడు యుద్ధమునకు పూర్వమే మోటారు సైకిలు పందెములలో పేరెన్నికగన్న జొవాన్ని రవెల్లి. యుద్ధము ముగిసిన పిమ్మట గుజ్జీ యంత్రమును నిర్మింపవలెననియు, పరోడీ ధనము సమకూర్పవలెననియు, రవెల్లి దానిని పందెములలో నడిపి కీర్తి తేవలెననియు మువ్వురును నిశ్చయించుకొనిరి.

1919లో పరోడీ తండ్రి, మొదటి ప్రయత్నము చూచి తరువాతి సంగతి ఆలోచింతునని చెప్పి, రెండువేల లీరాలకు మించని సొమ్ము నిచ్చుటకు సమ్మతించెను. కాని ఆ సంవత్సరముననే రవెల్లి విమాన ప్రమాదమున మరణించెను. మిగిలిన యిద్దరును దుఃఖించిరేగాని పని మానలేదు. విమాన వీరుల చిహ్నమైన గ్రద్దను తమ యంత్రముపై నిలిపి, మృతుడైన మిత్రుని తమ సంస్థలో ఎన్నటికిని భాగస్వామిగా నుంచుకొనిరి.

గుజ్జీ మాండెల్లోలో ఒక కమ్మరి కర్మశాలలో తన మొదటి యంత్రమును చేసెను. దాని సిలిండరు ఒక్కటే; వాల్వులు మాత్రము నాలుగు. గాలి, పెట్రోలు ఆవిరి లోనికి వచ్చుటకును, కాలిన పొగ వెలుపలికి పోవుటకును దారులు విశాలమైనకొలది యింజను బలము హెచ్చును. నిప్పురవ్వ పుట్టించుటకును రెండు ప్లగ్గులు అమర్చెను. ఆ కాలమున అది అద్భుతమైన యంత్రమే. అయినను దానిని అమ్మకమునకు చేయుటకు వ్యయము మిక్కుటము. తన బుద్ధికి పుట్టిన ఉత్తమమైన వస్తువును తానే ప్రక్కకు పెట్టుట యెంత కష్టమో మీరే యూహింపుడు! గుజ్జీ ఆ పని చేసెను.

1921 మార్చి నెలలో సంస్థ స్థాపింపబడెను. అమ్మకమునకు వచ్చిన యంత్రమునకు వాల్వులు రెండే. బలము ఎనిమిది గుఱ్ఱములది. కాని ముఖ్యమైన గుణములను గుజ్జీ విడువలేదు. సిలిండరును నిలువుగా గాక ముందువైపునకు పరుండబెట్టెను. అందుచే ఎదురుగాలి దాని తలను చల్లార్చును, బరువు నేలకు దగ్గరగా నుండును. గేరు చక్రములను యింజనుతో నొకే పెట్టెలో అమర్చెను. పెద్ద ఫ్లైవీలును వెలుపల నుంచి, నడక నిలుకడగా నుండునట్లు చేసెను. మొదటి యేడు తయారైనవి పదునేడు బండ్లు మాత్రమే. అయినను ఆ సంవత్సరమే సిసిలీ ద్వీపమున జరిగిన టార్గా ఫ్లోరియో పందెమున జీనో ఫింజీ ఆ బండిపై గెలుపొందెను. రవెల్లి చేయదలచిన పని మరియొకరి చేత నెరవేరెను.

ప్రక్కకు పెట్టిన ఆలోచన వ్యర్థము కాలేదు. 1924లో నాలుగు వాల్వుల యింజను పందెపు బండిగా మరల వచ్చి, మోంజాలో జరిగిన ఐరోపా పందెమును గెలిచెను. కార్లో సోదరుడు జుసెప్పె, వెనుక చక్రమునకు స్ప్రింగులు గల బండిపై 1928లో నార్వే దేశపు ఉత్తరాగ్రము వరకు ప్రయాణించెను. అట్టి బండి వేగమున స్థిరముగా నుండదని పలువురు శంకించుచుండిరి. 1935లో మాన్ ద్వీపమున స్టాన్లీ వుడ్స్ స్ప్రింగులు గల గుజ్జీ బండ్లపై రెండు పందెములను గెలిచెను. వానిలో ప్రధానమైనదానిని నాలుగు సెకండ్ల తేడాతోనే గెలిచెను. దానితో శంక తీరెను.

తన పేరు ధరించిన సంస్థలో గుజ్జీకి మొదట వాటాయే లేదు. తయారైన బండి యొక్కింటికి కొంత పైకము మాత్రము ముట్టుచుండెను. 1955లో పరోడీయు, 1964లో గుజ్జీయు పరలోకగతులైరి.

విద్యార్థులారా, ఆ గ్రద్దను చూచువారిలో రవెల్లి పేరెఱిగినవారు కొందఱే. ఆతడు ఆ బండి నొకసారియైన నెక్కలేదు. అయినను మిత్రులు అతని పాలు అతనికి ఉంచిరి. ఇచ్చిన మాటను, మాట పుచ్చుకొన్నవాడు గతించిన పిదపగూడ నిలుపుకొనుట యేమో, ఆ చిన్న గురుతు మనకు తెలుపుచున్నది.